ఐదో అంతస్తు దొంగ కిటికీ

జెనోవా, 1909 ఏప్రిల్ 18

చెల్లి జీనాకి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు పంపిన ఎండు చేపగుడ్లు అందాయి. దార్లో ఎవరో ఓ చివర కోసుకుని తిన్నారు, పడవ వంటవాడి మీదే నా అనుమానం. మిగిలింది మీ బావ ఒక్కపూటలో ఖాళీ చేశాడు. నాకు వాసన చూపించాడు, అదే పదివేలు.

అసలు సంగతి చెప్పేస్తాను, నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. మా లంగర్ల సందులో ఎదురిల్లు, మార్కీసు గారిది, రంగులు వేయిస్తున్నారు. ఏడంతస్తులూ. ఆ పని మీ బావకిచ్చారు! రేవు అవతల నుంచి ముగ్గురు మేస్త్రీలు వచ్చి గోడ కొలుచుకుని పోయారు. అయినా మార్కీసు గారు మీ బావనే పిలిపించి, "బెర్తోమె, చలువరాయి కొనే సొమ్మంతా మా ముత్తాతలు ఓడల మీద పెట్టి సముద్రంలో పోసుకున్నారు. నువ్వు రంగుతోనే కట్టి పెట్టు, స్తంభాలూ దండలూ అన్నీ ఉండాలి," అన్నారట. పెద్దాయన నవ్వుతూనే అన్నారట గానీ మీ బావ మాత్రం ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదు, అంత సంతోషం.

ఆ గోడ నీకు గుర్తుందా? నాన్న కాలంలోనే దాని మీది దేవదూతల బొమ్మలు బొగ్గు మోసేవాళ్ళలా ఉండేవి. ఇప్పుడు రేవులో ఆ పెద్ద ధాన్యపు కొట్లు కట్టాక పొగకి తోడు దుమ్ము కూడా. నేను ఉతికిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవడమే.

ఐదో అంతస్తులో గోడ వెనక గదుల్లేవుగా, అక్కడ నాలుగు దొంగ కిటికీలు వెయ్యాలి. మూడింటికి తలుపులు మూసి ఉంటాయి. నాలుగోది పనివాడి కిటికీ. మన నాన్న ప్రతి ఇంటి మీదా పిల్లిని వేసేవాడు చూడు, అలాంటిది. దాన్లో ఏం వేస్తాడో యజమాని అడగడు, పనివాడు చెప్పడు, గోడెక్కడానికి కట్టిన సారువ కర్రల మీది చాపలు దించేదాకా పెళ్ళానికి కూడా తెలియకూడదు. ఏం వేస్తున్నావని అడిగితే మీ బావ నవ్వి ఊరుకున్నాడు. ఈ పదకొండేళ్ళ కాపురంలో ఆ నవ్వు నాకు అర్థమైన రోజులు తక్కువ.

గుస్తీన్ మరిదిని అడిగానని చెప్పు.

నీ అక్క
మోమిన

కార్లోఫోర్తె దీవి, ఏప్రిల్ 29

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మోచేతుల దాకా నూనెలో ఉన్నాను. ట్యూనా చేప వచ్చే నెల కదా, డబ్బాలు తోమడం, పీపాలు కడగడం, ఊళ్ళో ఆడవాళ్ళందరిదీ అదే పని. గుస్తీన్ వాళ్ళు వలలు దింపడానికి తెల్లారకుండా వెళ్ళి పొద్దు గుంకాక వస్తున్నారు. వచ్చి బూట్లతోనే నిద్రపోతాడు. ఆ గురక వింటే చేపలు దారి మార్చుకుంటాయేమోనని నా భయం.

నీకేం అక్కా. తలెత్తితే ఏడంతస్తులు, కిందికి దిగితే రేవు, ఆ చివర దీపస్తంభం, సాయంత్రమైతే కమానుల కింద వేడి వేడి శనగపిండి రొట్టె. ఇక్కడ రెండంతస్తుల ఇల్లు కడితే ఊరు ఊరంతా వచ్చి చూసి పోతుంది. ఉన్న ఒక్క చర్చికీ గాలి దెబ్బకి ఓ పక్క సున్నం ఊడిపోయింది. నాకు కుళ్ళుగానే ఉంది, దాచుకోవడం ఎందుకు? నేను మోసిన సున్నం బాల్చీలకి లెక్కుందా? నాన్న నన్ను సారువ ఎక్కిస్తే, ఇవాళ నువ్వు ఆ రంగుల గోడకి ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నావు.

గుర్తుందా, నాన్న నన్ను సందులో నిలబెట్టి, నా కంటి దగ్గర దారం పట్టుకోమని, రెండో కొస పై అంతస్తు దాకా లాగేవాడు. నాన్న దగ్గర పని నేర్చుకుంటున్న బావేమో పైన ఆ కొస పట్టుకుని గోడ మీద గీత పెట్టేవాడు. ఎందుకో నీకు తెలీదులే. నువ్వు వంటింట్లో ఉండేదానివి.

బావతో చెప్పు, నాలుగో కిటికీలో నన్ను వెయ్యమని! మూడేళ్ళు ఆయనకి సున్నం నానబెట్టి ఇచ్చాను, ఆ మాత్రం రుణం తీర్చుకోవద్దూ? నా గుర్రం మొహం పట్టాలంటే ఐదో అంతస్తు చాలదేమో, ఆరోది కూడా కలుపుకోమను.

నీ జీనా

జెనోవా, మే 16

తొమజీనాకి,

"చెల్లీ" అని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను. ఇవాళ ముద్దుపేర్లు రావడం లేదు, ఇద్దరికీ పూర్తి పేర్లే.

మొన్న గురువారం చాపలు దించారు. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. మా డాబాకీ ఆ నాలుగో కిటికీకీ మధ్య రెండు బారలుంటుందేమో, సరిగ్గా ఎదురెదురు. చాప జారింది. అక్కడ నువ్వున్నావు.

తలుపు రెక్క తెరిచి, కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి, కింద సందులోకి చూస్తూ నువ్వు. ఆ పొడుగు మొహం ఈ జెనోవాలో ఇంకెవరికుంది? పొడుగు ముక్కు, పొడుగు గడ్డం, మెడ కూడా పొడుగే. నాది రొట్టెముద్ద మొహమని నాన్నే అనేవాడుగా. తడి దుప్పటి నా చేతిలోంచి జారి కింద బొగ్గుబండి మీద పడింది. పడితే పడిందని వదిలేసి కిందికొచ్చి వంటింట్లో కూర్చున్నాను.

ఆ రోజు నుంచీ ఆ సందులో తలెత్తలేదు. రాళ్ళు చూసుకుంటూ వెళ్ళి రాళ్ళు చూసుకుంటూ వస్తున్నాను. అయినా జనం ఊరుకుంటారా? కమానుల కింద రొట్టెలు కాల్చే బియాజా అవ్వ పదిమందిలో, "ఏమే మోమినా, మీ ఆయన ఐదో అంతస్తులో కాపురం పెట్టాడుగా! ఇంక కింద వంట ఎవరికి చేస్తావే?" అంది. పక్కనున్న పడవవాళ్ళు పకపకా నవ్వారు. రొట్టె తీసుకోకుండానే వచ్చేశాను.

ఎందుకు నాకీ మంట అని నువ్వు అడగనక్కర్లేదు. పదకొండేళ్ళ కిందట ఆయన అంజూర పళ్ళ బుట్ట పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చింది ఎవరికోసం? బుట్ట నీ చేతిలో పెట్టాడు. "నాకిచ్చాడు, నాకే ఇచ్చాడు," అని నువ్వు ఆ మెట్ల మీద కూర్చుని ఒక్కతివే తిన్నావు, నాకు తొడిమలు చూపించావు. పెద్దపిల్ల ఉండగా చిన్నదాని మాటెత్తనని నాన్న అన్నాడు గనక నేను ఆయన పెళ్ళాన్నయ్యాను. ఏడాది తిరక్కుండా నువ్వు దీవికి వెళ్ళిపోయావు. పోనీలే, కళ్ళ ముందు లేదు కదా, రోజులు గడిస్తే ఆయనే మర్చిపోతాడు అనుకున్నాను. ఇప్పుడు కళ్ళ ముందే పెట్టాడు. నేను చచ్చినా ఆ గోడ మీద ఉంటావు నువ్వు.

నీ ఉత్తరం ఆయనకి గట్టిగా చదివి వినిపించింది కూడా నేనే. "నన్ను వెయ్యమను," అన్నావుగా. వేశాడు. అంతకుముందే మీరిద్దరూ అనుకున్నారా, నిజం చెప్పు. వేరే ఉత్తరాలేమైనా నడుస్తున్నాయా?

ఆయనతో మాట్లాడ్డం మానేశాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. నా మొహం వంక చూస్తాడు, ఏదో అడగబోతాడు, ఊరుకుంటాడు. తప్పు చేసినవాడి చూపు అలాగే ఉంటుంది.

చిన్నప్పుడు పైకెత్తి పట్టుకున్న కిటికీ తలుపు అడుగు రెక్క వదిలేసి నా చిటికెనవేలు విరగ్గొట్టిందీ నువ్వే. అది ఇప్పటికీ వంకరగానే ఉంది. వాన పడితే నొప్పి పెడుతుంది.

జెరోనిమా

కార్లోఫోర్తె, మే 27

అక్కా,

ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేదు. మూడుసార్లు చేప పడింది, రేవులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా ఒళ్ళంతా ఆ వాసనే. చెయ్యి కోసుకుంది, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

నేనేం చేశానక్కా? గోడ మీద ఆయన వేస్తే అది నా తప్పా? వేరే ఉత్తరాలేవీ లేవు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. జుట్టు ఎలా దువ్వి వేశాడు? చెవులకి పోగులున్నాయా? గౌను ఏ రంగు? మనిషి నవ్వుతున్నట్టుందా, దిగులుగా ఉందా?

మిగతాది తీరిగ్గా రాస్తాను.

జీనా

జెనోవా, జూన్ 6

తొమజీనాకి,

సిగ్గు లేదా నీకు? "నా బొమ్మ కాదది," అని ఒక్కమాట రాస్తావేమోనని రెండు వారాలకి పైగా పోస్టు బంట్రోతు కాళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాను. పోగులున్నాయా అని అడుగుతావా! ఉన్నాయి. పగడాలు. జుట్టు పైకి ముడేసి ఉంది, ఓ పాయ జారింది. గౌను నీలం. నవ్వుతోందా ఏడుస్తోందా అని చూసేంతసేపు నేను అక్కడ నిలబడలేదు. చాలా? మొహం అద్దంలో చూసుకుని పండగ చేసుకో.

పోయిన ఆదివారం ఏం జరిగిందో విను. కూరాకు పచ్చడి నూరుతున్నాను. ఆయన వచ్చి రోలు పక్కన నిలబడ్డాడు. "పైకి చూశావా?" అన్నాడు. ఇన్నాళ్ళకి!

"చూశాను. శుభ్రంగా చూశాను," అన్నాను.

"అయితే?"

"అయితే ఏముంది? నీ చేతిపని బాగుంది. మార్కీసు గారు మెచ్చుకుంటారు."

"అంతేనా మోమినా?"

"ఇంకేం కావాలి? చప్పట్లు కొట్టనా?" అని రోకలితో గట్టిగా దంచాను. ఆయన మొహం పాలిపోయింది. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నానికి రాలేదు. దొంగ దొరికిపోతే ఇలాగే ఉంటుంది అనుకున్నాను. కానీ ఆ తర్వాత రోలు ముందు కూర్చుని నేనే ఏడ్చాను, ఎందుకేడ్చానో నాకే తెలీదు.

ఇంక నా వల్ల కాదు జీనా. పొద్దున్నే లేచి నీళ్ళు తెచ్చుకోవాలన్నా, చర్చికి పోవాలన్నా నీ కింద నుంచే పోవాలి. వచ్చే ఆదివారం, పదమూడో తారీఖు, సెస్త్రిలో కొత్త ఓడని నీళ్ళలోకి దింపుతున్నారు. సందంతా ఖాళీ అయిపోతుంది, మీ బావ కూడా కుర్రాళ్ళందర్నీ తీసుకుని పోతున్నాడు. ఆ ఇంటి మెట్ల కిటికీ నీ కిటికీ పక్కనే. మా ఇంట్లో సున్నం ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. పొడుగు వెదురుకి కుంచె కట్టి నీ మొహానికి సున్నం కొట్టేస్తాను. ముందుగా చెప్పి చేస్తున్నాను, వెనక నుంచి పొడిచానని అనుకోకు.

జెరోనిమా

కార్లోఫోర్తె, జూన్ 13, ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. చదివి చింపెయ్యి, లేకపోతే దాచుకో, నీ ఇష్టం.

ఆ కిటికీలో ఉన్నది నువ్వే.

దారం సంగతి చెబుతాను. సందులో నిలబడి తలెత్తి చూసేవాడికి ఐదో అంతస్తులో ఉన్నదేదైనా నలిగి పొట్టిగా కనిపిస్తుంది. గుండ్రటి మొహం వేస్తే అప్పచ్చిలా అణిగిపోతుంది. అందుకని నాన్న నన్ను కింద నిలబెట్టి, నా కన్ను నుంచి దారం లాగి, ఎంత సాగదీస్తే కిందికి సరిగ్గా కనిపిస్తుందో అంత సాగదీసి వేసేవాడు. బావకి నేర్పింది కూడా అదే. కింద నుంచి గుండ్రంగా కనపడే మొహం, ఎదురుగా డాబా మీంచి చూస్తే పొడుగ్గా ఉంటుంది. నా మొహమే వేసి ఉంటే నీకు డాబా మీంచి నిచ్చెనంత పొడుగ్గా కనపడేది.

నీ మే నెల ఉత్తరంలో "డాబా మీద" అన్న మాట దగ్గరే నాకు తెలిసిపోయింది. ఇంకో వాక్యం కూడా చదవనక్కర్లేకపోయింది. పగడాల పోగులు నీ పెళ్ళికి నాన్న పెట్టినవి. నీలం గౌను కూడా నీదే.

తెలిసీ ఎందుకు రాయలేదంటావా? కుళ్ళు అక్కా. దీనికి ఇంకో పేరు లేదు. ఈ ఊళ్ళో నేను చేప వాసనేస్తూ డబ్బాలు తోముకునే దాన్ని. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ నేను జెనోవాలో, ఐదో అంతస్తు కిటికీలో, రేవంతా చూస్తూ ఉన్నదాన్ని. నిజం కాదని తెలుసు. అయినా నువ్వు నన్ను చూసి ఏడుస్తున్నావు కదా, జీవితంలో మొదటిసారి నువ్వు నన్ను చూసి ఏడుస్తున్నావు అనుకుంటే ఎంత బాగుందో! "ఏంటే, ఈమధ్య తెగ దువ్వుకుంటున్నావు?" అని గుస్తీన్ అడిగాడు. పదిరోజులు ఉందామనుకున్నాను, ఆ తర్వాత నీకు రాసేద్దామనుకున్నాను. చెయ్యి కోసుకున్నమాట అబద్ధం.

ఆరో తారీఖున నువ్వు రాసింది శుక్రవారం అందింది. చదవగానే గౌనుకి చెయ్యి తుడుచుకుని తంతి ఆఫీసుకి పరిగెత్తాను. "చెరపకు, నువ్వే," అని రెండు మాటలు చాలు. గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. చెరిపేస్తే చెరిపెయ్యనీ, నాకు లేనిది తనకి మాత్రం ఎందుకుండాలి అనిపించింది. ఒక్క క్షణం కాదు, నిన్న సాయంత్రం ఆఫీసు మూసేదాకా అలాగే అనిపించింది. ఇవాళ ఆదివారం, ఆఫీసు తెరవరు. ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఇంకొకటుంది. అంజూర పళ్ళ బుట్ట. గుమ్మంలో బావ నా చేతిలో పెట్టి, "మీ అక్కకివ్వు," అన్నాడు. నీకు చెప్పలేదు. నాన్న అడ్డం పెట్టడం వల్ల కాదు, ఆయన వచ్చిందే నీకోసం. మొదటి నుంచీ. పదకొండేళ్ళు నువ్వు కుమిలిపోతుంటే నాకు తెలుసు, నాకు హాయిగా ఉండేది.

నన్ను తిట్టు. తిడుతూనైనా ఉత్తరం రాయి.

జీనా

జెనోవా, జూన్ 14

చెల్లీ, నా బంగారు చెల్లీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. నన్ను క్షమించు. నీ కాళ్ళు పట్టుకునే దూరంలో ఉంటే పట్టుకునేదాన్ని.

నిన్న అందరూ వెళ్ళాక ఎదురింటి మెట్లెక్కాను. నూట పన్నెండు మెట్లు, బాల్చీతో. రేవులో ఓడలన్నీ కూతలు పెడుతున్నాయి, కొత్త ఓడ దిగినట్టుంది. మెట్ల కిటికీలోంచి వంగి వెదురు చాచాను. కుంచె బొమ్మ నుదురు దాకా, కళ్ళ దాకా అందింది. అక్కడ నుంచి చూస్తే అది ఎవరి మొహమూ కాదు, రంగుల మచ్చలు. పిచ్చిదానిలా కొట్టాను. కళ్ళు, ముక్కు, ఒక చెంప పోయాయి. భుజం నొప్పెట్టింది, సున్నం నా కంట్లో పడింది. కిందికొచ్చాను.

సందు మొగలో బియాజా అవ్వ ఉంది. కాళ్ళ నొప్పులతో ఓడ చూడ్డానికి పోలేదట, కుర్చీ వేసుకుని కూర్చుంది. నా చేతిలో బాల్చీ చూసింది, పైకి చూసింది.

"ఎంత పని చేశావే! నీ మొహానికి నువ్వే సున్నం కొట్టుకున్నావేంటే?"

"నా మొహం కాదది."

"నీది కాకపోతే నాదా? నెల రోజుల్నుంచీ ఈ సందులో వచ్చేవాడూ పోయేవాడూ మోమిన, మోమిన అంటుంటే నీకు వినపడలేదూ? మా ఆయన బతికుండగా నాకో రొట్టె ముక్క మీద కూడా బొమ్మ గియ్యలేదు. నిన్ను చూసి నేనెంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు! తలెత్తి చూడవే, మొద్దూ!"

తలెత్తాను జీనా. నెల తర్వాత మొదటిసారి. సున్నం అందని చోట ఒక చెంప మిగిలింది. గుండ్రంగా ఉంది. గడ్డం రొట్టెముద్దలా ఉంది. కిటికీ గట్టు మీద చెయ్యి ఉంది. చిటికెనవేలు వంకరగా ఉంది.

అవ్వ కుర్చీ నాకిచ్చింది.

సాయంత్రం మీ బావ వచ్చాడు. కుర్రాళ్ళు కూడా ఉన్నారు, ఓడ కబుర్లు చెప్పుకుంటూ సందులోకి తిరిగి, పైకి చూసి, అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. నేను గుమ్మంలోనే చెప్పేశాను, "నేనే కొట్టాను, అది జీనా అనుకున్నాను," అని. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. నిచ్చెన దగ్గరకి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"పదకొండేళ్ళు నాతో ఉన్నావు. నువ్వు తప్ప ఇంకెవరుంటారనుకున్నావే అక్కడ?" అన్నాడు.

మధ్యాహ్నమంతా ఎండ కాసింది, సున్నం పట్టేసింది. గీకితే కింద రంగు కూడా ఊడొస్తుందట.

పాపం నిన్ను నెల రోజులు ఎన్ని మాటలన్నాను! ఏ పాపం ఎరగనిదానివి, అక్కడెక్కడో నూనెలో చేతులు పెట్టుకుని బతుకుతుంటే. నీకు జవాబు రాసే మనసైనా ఉందో లేదో. ఈసారి వేసవి చివర్లో వచ్చి నెలరోజులుండు, నీకిష్టమైనవన్నీ చేసిపెడతాను.

నీ అక్క
మోమిన

జెనోవా, జూన్ 27

తొమజీనా,

నీ పదమూడో తారీఖు ఉత్తరం నాది వెళ్ళాక వచ్చింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

నిన్ను తిట్టమన్నావు. కూర్చుని వెతికాను గానీ సరైన తిట్టు దొరకలేదు. శుక్రవారం సాయంత్రం ఉంది నీకు, శనివారం రోజంతా ఉంది. ఆ మాటే నాకు తిరుగుతోంది, బట్టలుతికేటప్పుడు, కూర తరిగేటప్పుడు. మళ్ళీ అంతలోనే, నేను మాత్రం నెల రోజుల్లో ఒక్కసారి తలెత్తి ఉంటే సరిపోయేది కదా అని కూడా. నువ్వు తంతి గుమ్మంలో ఆగిపోయావు, నేను నా గుమ్మంలోనే.

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. నీ మీద జాలిపడి కాదు. అది చదివితే ఆయన కాసేపు నీ గురించి ఆలోచిస్తాడు. ఆ కాసేపు కూడా నీకివ్వడం నాకిష్టం లేదు. అంజూర పళ్ళ మాట ఒక్కటి అడిగాను. "అవును, నీకే పంపాను. బాగున్నాయా?" అన్నాడు. బాగున్నాయని చెప్పాను.

మార్కీసు గారి మనిషి వచ్చి ఆ మచ్చ ఏంటని అడిగాడు. పనివాడి కిటికీ, అడక్కూడదన్నాడు మీ బావ. మళ్ళీ నన్ను వెయ్యమని నేను బతిమాలాను. వెయ్యనన్నాడు. ఒకసారి వేశాను, రెండోసారి అలా రాదు అన్నాడు. మొన్న పై నుంచి తాళ్ళతో పలక కట్టుకుని దిగి, సున్నం పడ్డ మేరనీ మిగిలిన చెంపనీ కలిపి ఆకుపచ్చ తలుపు బొమ్మ వేసి మూసేశాడు. ఆయన పైన వేలాడుతున్నంతసేపూ నేను సందులో నిలబడి, మా ఇంట్లో దొరికిన దారం కొస కంటి దగ్గర పట్టుకున్నాను. ఎలా పట్టుకోవాలో ఆయన పై నుంచి కేకేసి చెప్పాడు. దారం కదిలిందని రెండుసార్లు తిట్టాడు. నీకు తెలిసిన పని ఇప్పుడు నాకూ తెలుసు.

ఇప్పుడు ఐదో అంతస్తులో నాలుగు కిటికీలూ మూసే ఉన్నాయి. కానీ నాలుగోదానికి అడుగు రెక్క మాత్రం జానెడు పైకెత్తి, కర్రముక్క ఆనించినట్టు వేశాడు, మనం చిన్నప్పుడు సందులోకి తొంగి చూడ్డానికి ఎత్తేవాళ్ళమే, అలా. రెక్క కింది ఆ ఖాళీలోంచి నా చెయ్యి బయటికుంది. దాని మీద సున్నం పడలేదుగా, పాతదే, ఆయన ముందు వేసిందే ఉంచేశాడు. వంకర వేలుతో సహా.

ఈ ఏడు రావద్దు. వచ్చే ఏడు సంగతి నేను రాస్తాను. వచ్చినప్పుడు మాత్రం డాబా ఎక్కనివ్వను. సందులో, నేను నిలబడ్డ చోటే నిలబెడతాను. తలెత్తి చూద్దువుగాని.

వాన పడుతోంది, వేలు నొప్పి పెడుతోంది.

మోమిన